పార్లర్ అనుభవం ఉన్నవారు ఐటీఐలో కాస్మెటాలజీ ఇన్‌స్ట్రక్టర్ కావాలంటే ఏ దారిలో వెళ్లాలి?

ప్రశ్న – హనుమకొండ బ్యూటీషియన్

అందరికీ నమస్కారం. నేను హనుమకొండలో పదకొండేళ్లుగా చిన్న బ్యూటీ పార్లర్ నడుపుతున్నాను. ఇంటర్మీడియట్ పూర్తయ్యాక పెళ్లయింది; ఆ తరువాత ఒక ప్రైవేటు సంస్థలో ఆరు నెలల బ్యూటీషియన్ కోర్సు చేశాను. చేర్చుకునేటప్పుడు ఆ సంస్థవారు తమ సర్టిఫికెట్‌కు ప్రభుత్వ గుర్తింపు ఉందని చెప్పారు. ఇటీవల ఒక ఐటీఐలో గెస్ట్ ఇన్‌స్ట్రక్టర్ కావాలని తెలిసి ఆ సర్టిఫికెట్ పట్టుకుని వెళ్తే, అక్కడి ప్రిన్సిపాల్ గారు దాన్ని అటూ ఇటూ తిప్పి చూసి, "అమ్మా, మీ పనితనం మీద నాకు అనుమానం లేదు, కాని ఈ కాగితంతో మిమ్మల్ని తరగతిలో నిలబెట్టడం నా చేతుల్లో లేదు" అని మర్యాదగానే చెప్పి పంపారు.

నాకు బోధించాలని ఎందుకు ఉందో చెప్పాలి. పరకాల, నర్సంపేట, ములుగు వైపు నుంచి వచ్చిన ఆడపిల్లలు ఇప్పటికి ఇరవై మంది దాకా నా దగ్గర పని నేర్చుకుని వెళ్లారు. వారిలో ఒక అమ్మాయి తన ఊళ్లో సొంతంగా పార్లర్ పెట్టుకుంది. నిరుడు ఆ అమ్మాయి ఒకావిడకు జుట్టుకు రంగు వేస్తే, మర్నాటికి ఆమె ముఖమంతా వాచి కళ్లు తెరవలేని స్థితి వచ్చి, ఆసుపత్రిలో చేర్చవలసి వచ్చింది. రంగు వేసే ముందు చెవి వెనుక కొద్దిగా రాసి రెండు రోజులు చూడాలని నేను ఆ అమ్మాయికి చెప్పిన మాట నిజమే. కాని ఎందుకు చూడాలో చెప్పలేదు, ఎందుకంటే అది నాకే సరిగ్గా తెలియదు. పెళ్లి ముహూర్తాల తొందరలో ఆ అమ్మాయి ఆ మాటను పక్కన పెట్టింది. ఆ రోజు నుంచి నేను నేర్పిన ప్రతి పనిలోనూ ఇటువంటి లోటు ఎక్కడెక్కడ మిగిలిపోయిందో అన్న దిగులు నన్ను వదలడం లేదు.

అందుకే సరైన శిక్షణ పొంది, అర్హత గల ఇన్‌స్ట్రక్టర్‌గా ఐటీఐలో పని చేయాలని అనుకుంటున్నాను. నాకు 36 ఏళ్లు, ఇద్దరు పిల్లలు. ఈ వయసులో దారి ఉందా? ఉంటే ఎక్కడ మొదలుపెట్టాలి? పార్లర్ మూసుకోకుండా ఇది సాధ్యమేనా?

జవాబు 1 – విశ్రాంత ట్రైనింగ్ ఆఫీసర్, కరీంనగర్

అమ్మా, మీకు దారి ఉంది. కాకపోతే రెండు మెట్లు ఎక్కాలి, అందులో మొదటి మెట్టును దాటవేయడానికి వీలు లేదు.

ముందుగా ఒక విషయం స్పష్టం చేసుకోవాలి. మన దగ్గర పార్లర్‌లో పని చేసేవారిని వృత్తి లైసెన్సు చూపించమని ఎవరూ అడగరు; మునిసిపాలిటీ ఇచ్చే ట్రేడ్ లైసెన్సు దుకాణానికి సంబంధించినదే తప్ప మీ విద్యకు సంబంధించినది కాదు. అందువల్ల పదకొండేళ్లుగా మీకు ఏ కాగితం అవసరమూ రాలేదు. ఐటీఐ సంగతి అలా కాదు. అక్కడి పాఠ్యప్రణాళికను, ఇన్‌స్ట్రక్టర్ అర్హతలను కేంద్ర నైపుణ్యాభివృద్ధి మంత్రిత్వ శాఖ కిందనున్న డీజీటీ, అంటే డైరెక్టరేట్ జనరల్ ఆఫ్ ట్రైనింగ్, నిర్ణయిస్తుంది. బేసిక్ కాస్మెటాలజీ ట్రేడ్‌లో, అంటే బ్యూటీషియన్ పని నేర్పే ఐటీఐ కోర్సులో, బోధించడానికి ఆ విషయంలో డిగ్రీ ఉంటే ఒక సంవత్సరం, డిప్లొమా ఉంటే రెండు సంవత్సరాలు, ఐటీఐ సర్టిఫికెట్ ఉంటే మూడు సంవత్సరాల అనుభవం అడుగుతారు. వీటన్నిటితో పాటు జాతీయ క్రాఫ్ట్ ఇన్‌స్ట్రక్టర్ సర్టిఫికెట్, అంటే మేము ఎన్‌సీఐసీ అని పిలిచేది, తప్పనిసరి. ప్రైవేటు ఐటీఐకైనా ఇదే నియమం. ఆ ప్రిన్సిపాల్ గారు మీకు చెప్పింది సరైన మాటే.

ఆ ఎన్‌సీఐసీ వచ్చేది సీఐటీఎస్ అనే ఒక సంవత్సరం శిక్షణ పూర్తి చేస్తే. ఇది కొత్తగా వచ్చినది కాదు; 1948లో అప్పటి మధ్య పరగణాలలోని బిలాస్‌పూర్ దగ్గర కోనిలో ఇన్‌స్ట్రక్టర్ల శిక్షణ సంస్థతో మొదలైన వ్యవస్థ ఇది. సీఐటీఎస్‌లో చేరాలంటే మళ్లీ ఆ ట్రేడ్‌లో ఐటీఐ సర్టిఫికెట్టో, అప్రెంటిస్‌షిప్ సర్టిఫికెట్టో, తగిన డిప్లొమానో డిగ్రీనో ఉండాలి. మీ దగ్గర ఉన్న ఆరు నెలల సర్టిఫికెట్ ఈ లెక్కలోకి రాదు. కనుక ముందు మీరు ఎన్‌టీసీ, అంటే ఐటీఐ కోర్సు పాసైనవారికి ఇచ్చే జాతీయ ట్రేడ్ సర్టిఫికెట్, సంపాదించాలి.

దానికి రెండు దారులు ఉన్నాయి. ఒకటి, మామూలుగా ఐటీఐలో విద్యార్థినిగా చేరడం. బేసిక్ కాస్మెటాలజీ ఒక సంవత్సరం కోర్సు, పదో తరగతి పాసైతే చాలు, కనీస వయసు 14 ఏళ్లు తప్ప గరిష్ఠ వయోపరిమితి లేదు. ముప్పై ఆరేళ్ల వయసులో పదహారేళ్ల పిల్లల పక్కన కూర్చోవడానికి మీరు సంకోచించకండి. నా ఉద్యోగ కాలంలో అలా కూర్చున్నవారిని చూశాను, బ్యాచ్ మొత్తానికి వారే దన్నుగా నిలిచారు. రెండోది, పనిలో అనుభవం ఉన్నవారు ప్రైవేటు అభ్యర్థిగా అఖిల భారత ట్రేడ్ పరీక్షకు హాజరు కావడం. దీనికి అనుభవాన్ని కాగితాల మీద రుజువు చేయాలి. సొంత పార్లర్ నడిపేవారికి అనుభవ పత్రం ఇచ్చే యజమాని వేరే ఉండరు కనుక, ఇక్కడే చాలామంది ఆగిపోతారు. మీకు ట్రేడ్ లైసెన్సు రశీదులు, కార్మిక శాఖలో దుకాణం నమోదు, చిన్న వ్యాపారాలకు ఇచ్చే ఉద్యమ్ నమోదు వంటివి ఉంటే ఇప్పుడే వరుసగా ఒక ఫైలులో పెట్టుకోండి. లేకపోతే వెంటనే చేయించుకోండి. తరువాత మీ జిల్లాలోని ప్రభుత్వ ఐటీఐకి వెళ్లి ఆ ఏడాది నోటిఫికేషన్‌లో ఏ రుజువులు అడిగారో చూసి దరఖాస్తు చేయండి.

నన్ను అడిగితే మొదటి దారే మేలంటాను. ఎందుకంటే మీరు రేపు ఏ తరగతి గదిలో నిలబడాలనుకుంటున్నారో, ఆ గదిలో ఒక ఏడాది విద్యార్థినిగా కూర్చున్న అనుభవం ఏ పరీక్ష వల్లా రాదు.

ఒక హెచ్చరిక కూడా చేయాలి. మన ఐటీఐలలో ఇన్‌స్ట్రక్టర్ పోస్టును అసిస్టెంట్ ట్రైనింగ్ ఆఫీసర్, అంటే ఏటీవో అంటారు. రెగ్యులర్ ఏటీవో పోస్టుల నోటిఫికేషన్లు ప్రతి సంవత్సరం రావు, వచ్చినా ఈ ట్రేడ్‌లో ఖాళీలు కొద్దిగానే ఉంటాయి. గెస్టుగానో, ప్రైవేటు ఐటీఐలోనో మొదలుపెట్టవలసి రావచ్చునని ముందే మనసులో పెట్టుకోండి.

జవాబు 2 – సీఐటీఎస్ పూర్తి చేసిన ఇన్‌స్ట్రక్టర్, జనగామ

అక్కా, సార్ చెప్పినదానికి నేను చేర్చగలిగింది ఆ ఒక సంవత్సరంలో లోపల ఏం జరుగుతుందన్నదే. నేను బెంగళూరులోని మహిళా ఎన్ఎస్‌టీఐలో చేశాను. నోయిడా, ముంబయి, తిరువనంతపురం వంటి చోట్ల కూడా మహిళల కోసం ఇటువంటి జాతీయ నైపుణ్య శిక్షణ సంస్థలు ఉన్నాయి. ప్రవేశం ఏఐసెట్ అనే అఖిల భారత ఉమ్మడి ప్రవేశ పరీక్ష ద్వారా జరుగుతుంది.

ఇప్పటి ప్రణాళిక ప్రకారం ఏడాదిలో మొత్తం 1200 గంటలు ఉంటాయి. అందులో ట్రేడ్ ప్రాక్టికల్‌కు 480, ట్రేడ్ థియరీకి 270 గంటలు పోగా, మిగిలిన 450 గంటలు బోధన పద్ధతికే కేటాయించారు. నేను వెళ్లినప్పుడు ఈ లెక్క చూసి ఆశ్చర్యపోయాను. ఐబ్రోస్ చేయడం, ఫేషియల్ చేయడం వచ్చిన మనిషికి, వాటిని చెప్పడానికి మళ్లీ ఇన్ని గంటలు ఎందుకని అనిపించింది. మొదటి పాఠం చెప్పిన రోజునే నాకు జవాబు దొరికింది.

ఆ పాఠం త్రెడింగ్. దారం ఎలా పట్టుకోవాలో చూపిస్తూ నేను విద్యార్థినులకు ఎదురుగా నిలబడ్డాను. నేను కుడి చేత్తో చేసింది వారికి అద్దంలో బొమ్మలా ఎడమ వైపు కనిపించింది, సగం మంది దారాన్ని తిరగేసి పట్టుకున్నారు. మా మేడం గారు పాఠం అయ్యాక నన్ను కోప్పడలేదు. ఒక విద్యార్థిని పక్కకు తీసుకెళ్లి నిలబెట్టి, అదే పనిని ఆ అమ్మాయి భుజం పక్క నుంచి చూపించమన్నారు. ఈసారి నా కుడి ఆమెకు కుడిగానే ఉంది. పదేళ్లు పార్లర్‌లో ఉన్నా నాకు తోచని విషయం అది, ఎందుకంటే కస్టమర్ మన పని చూసి నేర్చుకోవలసిన అవసరం లేదు కదా.

అక్కడ పాఠం చెప్పడాన్ని నాలుగు మెట్లుగా నేర్పుతారు: విద్యార్థిని సిద్ధపరచడం, విషయాన్ని వివరించి చూపించడం, వారి చేత చేయించడం, వచ్చిందో లేదో పరీక్షించడం. పార్లర్‌లో పని నేర్పే మనలో ఎక్కువమంది రెండో మెట్టులోనే ఉండిపోతాం. "చూస్తూ ఉండు, అదే వస్తుంది" అంటాం. చురుకైన పిల్లకు వస్తుంది, మిగతావారు మూడు నెలలు కాటన్ అందిస్తూ, నేల తుడుస్తూ గడిపి వెళ్లిపోతారు. సీఐటీఎస్‌లో ప్రతి పాఠానికీ లెసన్ ప్లాన్, ప్రతి ప్రాక్టికల్‌కూ డెమాన్‌స్ట్రేషన్ ప్లాన్ రాయాలి. ఎన్ని నిమిషాలు ఏం చెబుతాం, ఏ ప్రశ్న ఎక్కడ వేస్తాం, విద్యార్థి ఎక్కడ తప్పు చేసే అవకాశం ఉంది అన్నవన్నీ ముందే రాసి, తోటి శిక్షణార్థుల ముందు చిన్న చిన్న పాఠాలుగా చెప్పి, వారి విమర్శ వినాలి. దీన్ని మైక్రో టీచింగ్ అంటారు. నాకు అన్నిటికంటే కష్టమైనదీ, అన్నిటికంటే మేలు చేసినదీ ఇదే.

మీ దగ్గర నేర్చుకున్న అమ్మాయి సంగతి చదివి బాధ కలిగింది. ఆ "ఎందుకు" అన్నదానికి జవాబు ఇక్కడే రాస్తాను. చాలా రకాల హెయిర్ డైలలో పారాఫెనిలీన్ డయమీన్, అంటే పీపీడీ అనే పదార్థం ఉంటుంది. కొందరి శరీరం దాన్ని ఒకసారి శత్రువుగా గుర్తు పెట్టుకుంటే, మళ్లీ తగిలినప్పుడు దురద, వాపు, పొక్కులు వస్తాయి. ఈ రకమైన ఎలర్జీ వెంటనే బయటపడదు, సాధారణంగా ఒకటి రెండు రోజులు పడుతుంది; అందుకే ప్యాచ్ టెస్ట్‌కు 48 గంటలు ఆగమంటారు. గంటసేపు చూసి ఏమీ కాలేదని రంగు వేయడం పరీక్ష చేయకపోవడంతో సమానం. పోయినసారి పడింది కాబట్టి ఈసారీ పడుతుందన్న నమ్మకం కూడా పనికిరాదు, ఎలర్జీ మధ్యలో ఎప్పుడైనా మొదలు కావచ్చు. చెట్టు నుంచి వచ్చిన మామూలు గోరింటాకుతో ఈ భయం చాలా తక్కువ. నల్లగా పండుతుందని అమ్మే మెహందీలో పీపీడీ కలిపి ఉండవచ్చు కనుక దానికీ ఇదే జాగ్రత్త కావాలి.

ఇది విద్యార్థినికి అర్థమయ్యేలా చెప్పగలిగితే, ముహూర్తం తొందర ఎంత ఉన్నా ఆ పిల్ల చేయి ఆగుతుంది. ఊరికే "రెండు రోజులు చూడు" అంటే ఆగదు.

ప్రశ్న అడిగినవారు – హనుమకొండ బ్యూటీషియన్

చెల్లె, మీరు రాసింది రెండుసార్లు చదివాను. ఇంతకాలం నాకు ఎవరూ ఇలా చెప్పలేదు. సార్ గారికి కూడా నా కృతజ్ఞతలు. ఉద్యమ్ నమోదు ఉంది, కార్మిక శాఖ నమోదు మాత్రం చేయించాలి.

రెండు సందేహాలు. థియరీ అంటే నాకు భయం. జుట్టు రంగులో కలిపే డెవలపర్ సీసా మీద 20, 30, 40 అని ఉంటుంది, ఏ జుట్టుకు ఏది వాడాలో చేతికి తెలుసు, ఆ అంకెకు అర్థం ఏమిటో మాత్రం తెలియదు. ఇటువంటివి పరీక్షలో అడుగుతారా? రెండోది, బెంగళూరులో పాఠాలు ఏ భాషలో జరుగుతాయి? నాకు హిందీ మాట్లాడటం వస్తుంది, ఇంగ్లీషు చదివితే అర్థమవుతుంది కాని రాయడం కష్టం.

జవాబు 2 కొనసాగింపు – సీఐటీఎస్ పూర్తి చేసిన ఇన్‌స్ట్రక్టర్, జనగామ

అక్కా, అడుగుతారు, కాని భయపడవలసినంత లోతు కాదు. ఆ అంకెను వాల్యూమ్ అంటారు. 20 వాల్యూమ్ అంటే ఒక లీటరు హైడ్రోజన్ పెరాక్సైడ్ ద్రవం పూర్తిగా విడిపోతే 20 లీటర్ల ఆక్సిజన్ వస్తుందని అర్థం. శాతంలో చెబితే 10 వాల్యూమ్ 3 శాతం, 20 అయితే 6, 30 అయితే 9, 40 అయితే 12 శాతం. ఇది తెలిస్తే లెక్క కూడా తేలికే: ద్రవరూపంలో ఉన్న 12 శాతం పెరాక్సైడ్‌కు సమానంగా డిస్టిల్డ్ వాటర్ కలిపితే 6 శాతం అవుతుంది. మీ చేతికి ఇప్పటికే తెలిసినదానికి పేరు పెట్టుకోవడమే ఈ థియరీలో సగం.

మిగతా సగం, చేతికి తప్పుగా అలవాటైనదాన్ని దిద్దుకోవడం. నా విషయంలో అది యూవీ బాక్స్, అంటే పనిముట్లు పెట్టే అతినీలలోహిత వెలుతురు పెట్టె. కత్తెరలు, ట్వీజర్లు అందులో పెడితే శుద్ధి అయిపోయినట్టేనని పదేళ్లు నమ్మాను. నిజానికి వెలుతురు తగిలిన పైభాగం మీదనే దాని ప్రభావం. కడగని పనిముట్టు మీద మురికి చాటున ఉన్న క్రిములను అది ఏమీ చేయలేదు. ముందుగా కడిగి, క్రిమిసంహారిణితో శుభ్రం చేసిన పనిముట్లను అలాగే ఉంచుకోవడానికి మాత్రమే అది పనికొస్తుంది. అసలైన స్టెరిలైజేషన్ అంటే ఆటోక్లేవ్‌లో చదరపు అంగుళానికి 15 పౌండ్ల పీడనం మీద 121 డిగ్రీల సెల్సియస్ ఆవిరిలో కనీసం 15 నిమిషాలు ఉంచడం. తిరిగి వచ్చాక నేను పార్లర్‌లో మొదట మార్చింది ఇదే.

భాష విషయం దాచకుండా చెబుతాను. తరగతిలో ఇంగ్లీషు, హిందీ కలిసి నడుస్తాయి. మొదటి రెండు నెలలు నాకు చాలా కష్టమైంది. రోజూ రాత్రి హాస్టల్‌లో ఆ రోజు పదాలన్నీ నోటుబుక్కులో ఒక పక్క ఇంగ్లీషులో, ఇంకో పక్క తెలుగులో అర్థం రాసుకునేదాన్ని. ఆ నోటుబుక్కే ఈ రోజు నా తరగతికి ఆధారం. ఏటూరునాగారం వైపు నుంచి వచ్చే పిల్లల్లో ఇంట్లో కోయ మాట్లాడేవారు ఉన్నారు. వారికి క్యూటికిల్, కార్టెక్స్, మెడుల్లా అని బోర్డు మీద రాస్తే ఏమీ అందదు. వెంట్రుకకు పైపొర చేప పొలుసుల్లా ఒకదాని మీద ఒకటి పడుకుని ఉంటుందని, లోపలి భాగంలోనే బలమూ రంగూ ఉంటాయని, నడిమధ్యన ఉండే బెండు లాంటి భాగం సన్నని వెంట్రుకల్లో ఒక్కోసారి ఉండనే ఉండదని చెప్పి, ఆ తరువాత ఇంగ్లీషు పేర్లు చెబితే వారే నాకు తిరిగి చెబుతారు. పరీక్షకు ఇంగ్లీషు పేర్లు కావాలి కాబట్టి వాటిని వదలకూడదు, అలాగని వాటితో మొదలుపెట్టకూడదు.

జవాబు 3 – హుజూరాబాద్ నుంచి టెక్సాస్ వచ్చి స్థిరపడినవారు

నమస్తే అక్కా. పోల్చి చూసుకోవడానికి ఇక్కడి పరిస్థితి రాస్తున్నాను. టెక్సాస్ రాష్ట్రంలో లైసెన్సు లేకుండా పార్లర్‌లో కస్టమర్‌కు జుట్టు కత్తిరించడానికి కూడా వీలు లేదు. పూర్తి కాస్మెటాలజీ లైసెన్సుకు 1000 గంటల శిక్షణ, రాత పరీక్ష, ప్రాక్టికల్ పరీక్ష ఉంటాయి. ఇంతకు ముందు బోధించేవారికి వేరుగా ఇన్‌స్ట్రక్టర్ లైసెన్సు ఉండేది. 2021లో చట్టం మార్చి దాన్ని తీసేశారు; వృత్తి లైసెన్సు ఉన్నవారినే బోధించనిస్తున్నారు. అమెరికాలో ఒక్కో రాష్ట్రానిది ఒక్కో నియమం. మన దగ్గర ఇది తలకిందులుగా ఉంది: పని చేయడానికి లైసెన్సు అడగరు, ఐటీఐలో నేర్పడానికి మాత్రం సర్టిఫికెట్ కావాలంటారు. రెండింటిలో నాకు నేర్పేవారికి సర్టిఫికెట్ ఉండాలనే మన ఐటీఐ పద్ధతే నచ్చింది. ఇక్కడ నాకు పాఠం చెప్పినవారిలో చేతి పని అద్భుతంగా ఉండి, నోరు తెరిచి ఒక్క మెట్టు కూడా విడమరచి చెప్పలేనివారు ఉన్నారు.

జవాబు 4 – స్వల్పకాలిక కోర్సుల శిక్షకురాలు, వరంగల్

మేడం గారికి నమస్కారం. మీరు పార్లర్ మూయకుండా సాధ్యమేనా అని అడిగారు. దానికి నేరుగా జవాబు ఇంకా రాలేదు కనుక నేను రాస్తున్నాను: సీఐటీఎస్ చదివే సంవత్సరం మీరు పార్లర్‌లో ఉండలేరు. అది పూర్తికాలపు శిక్షణ, హాజరు తప్పనిసరి. ముహూర్తాలు ఉన్న శ్రావణంలో, మాఘంలో, ఫాల్గుణంలో పెళ్లికూతుళ్ల మేకప్ ఆదాయం పోతుంది. పార్లర్‌ను నమ్మకమైన సహాయకురాలి చేతిలో పెట్టి వెళ్లినా మీ కోసమే వచ్చే కస్టమర్లు కొంతమంది చెదిరిపోతారు. ఈ నష్టాన్ని ముందుగా లెక్క వేసుకుని, ఏడాది ఇంటి ఖర్చు పక్కన పెట్టుకున్నాకే బయలుదేరండి.

అది ఇప్పట్లో కుదరకపోతే, ప్రధానమంత్రి కౌశల్ వికాస్ యోజన వంటి పథకాల కింద నడిచే స్వల్పకాలిక బ్యూటీ కోర్సులకు శిక్షకులుగా వెళ్లే దారి ఒకటి ఉంది. వాటికి బ్యూటీ అండ్ వెల్‌నెస్ సెక్టార్ స్కిల్ కౌన్సిల్ వారి ట్రైనర్ సర్టిఫికెట్ కావాలి. ఆ శిక్షణ సీఐటీఎస్‌తో పోలిస్తే చాలా చిన్నది. నేను ఆ దారిలోనే వచ్చాను. అయితే ఆ సర్టిఫికెట్ ఎన్‌సీఐసీకి బదులు కాదు, దానితో ఐటీఐలో పోస్టు రాదు. మా ఉద్యోగం కూడా బ్యాచ్ ఉన్నంతవరకే. మీకు ఐటీఐయే లక్ష్యమైతే ఈ దారిలో సంవత్సరాలు గడపవద్దని, నాకు ఎవరూ చెప్పని మాటను నేను మీకు చెబుతున్నాను.

జవాబు 1 కొనసాగింపు – విశ్రాంత ట్రైనింగ్ ఆఫీసర్, కరీంనగర్

శిక్షకురాలు చెప్పింది నిజం. అందుకే, అమ్మా, ఎన్‌టీసీ సంవత్సరాన్ని మీ ఇంటికి దగ్గరలో పెట్టుకోండి. ఐటీఐ తరగతులు సాయంత్రానికి ముగుస్తాయి కనుక, సాయంత్రం పూటా ఆదివారాలూ పార్లర్ తెరవవచ్చు. ఇల్లు విడిచి వెళ్లవలసినది తరువాతి సంవత్సరం ఒక్కటే. ఈలోగా మీ పెద్ద పిల్లకో పిల్లవాడికో ఒక ఏడాది వయసు పెరుగుతుంది, అది కూడా చిన్న విషయం కాదు. చేరే ముందు ఆ ఐటీఐలో ఈ ట్రేడ్‌కు డీజీటీ గుర్తింపు ఉందో లేదో ప్రభుత్వ వెబ్‌సైట్‌లో సంస్థ పేరుతో మీరే చూసుకోండి. ఎదుటివారి మాట మీద మీరు ఒకసారి నష్టపోయారు.

ప్రశ్న అడిగినవారు – హనుమకొండ బ్యూటీషియన్

సార్ గారికి, చెల్లెకు, మేడం గారికి, టెక్సాస్ నుంచి రాసినవారికి పేరుపేరునా నమస్కారాలు. నిన్న రాత్రి మా ఆయనతో, మా అత్తమ్మతో కూర్చుని మాట్లాడాను. వచ్చే ప్రవేశాలలో బేసిక్ కాస్మెటాలజీలో విద్యార్థినిగా చేరాలని, ఆ సంవత్సరం పార్లర్‌ను సాయంత్రాలు మాత్రమే తెరవాలని నిర్ణయించుకున్నాం. బెంగళూరు సంవత్సరానికి పిల్లలను తాను చూసుకుంటానని అత్తమ్మ తనంతట తానే అన్నది. ఈ నెల నుంచే చీటీ డబ్బు అందుకోసం పక్కన పెడుతున్నాను.

ఈ ఉదయం ఆ అమ్మాయికి ఫోన్ చేశాను. పీపీడీ గురించి, 48 గంటలు ఎందుకు ఆగాలో, చెల్లె రాసినట్టే విడమరచి చెప్పాను. అంతా విని, "అక్కా, ఇది ముందే తెలిస్తే నేను వేసేదాన్నే కాదు" అన్నది. నా దగ్గర నేర్చుకుని వెళ్లిన మిగతావారి నంబర్లు కూడా వెతికి తీశాను, ఒక్కొక్కరికీ ఫోన్ చేస్తున్నాను.